జంట నగరాల ప్రజా రవాణా: వాడి రైలు మార్గం నుంచి మెట్రో వరకు

(పత్రికల వినియోగార్థం నేపథ్య వ్యాసం)

దక్కన్ ప్రాంత రోడ్డు రవాణా చరిత్రలో 1932 జూన్ 15వ తేదీకి ప్రత్యేక స్థానం ఉన్నది. ఆ రోజున నాటి హైదరాబాదు సంస్థానంలో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభించింది. ప్రభుత్వ యాజమాన్యంలో బస్సులు నడిపిన తొలితరం సంస్థలలో ఇది ఒకటిగా దేశంలో గుర్తింపు పొందింది. రైళ్ళు నడిపే శాఖే బస్సులను కూడా నడపటం ఆనాటి ఏర్పాటులోని విశేషం.

ఆ ఏర్పాటు రెండు దశాబ్దాలలోపే ముగిసింది. రైలు ఒక యాజమాన్యం కిందికి, బస్సు మరొక యాజమాన్యం కిందికి వెళ్ళాయి. తరువాతి కాలంలో వచ్చిన ఎం.ఎం.టి.ఎస్. అయినా, మెట్రో రైలు అయినా, విడివడిన ఈ దారులను మళ్ళీ ఒకచోట కలిపే ప్రయత్నంగానే చూడవలసి ఉన్నది. జంట నగరాల రవాణా వ్యవస్థ గురించి రాసే పాత్రికేయులకు, ఆ వ్యవస్థతో సంబంధమున్న అధికారులకు ఉపయోగపడగలదన్న భావనతో ఈ చరిత్రను సంగ్రహంగా ఇక్కడ పొందుపరచడమైనది.

తొలి రైలు మార్గం

పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలం వరకు హైదరాబాదు నగరానికి రాకపోకలు ఎడ్లబండ్ల మీద, గుర్రపు బండ్ల మీద, పల్లకీలలో సాగేవి. బొంబాయి నుంచి రాయచూరు మీదుగా మద్రాసు వైపు సాగిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే మార్గం సంస్థానపు పశ్చిమ భాగం గుండా వెళ్ళింది. ఆ మార్గంలోని వాడి జంక్షను నుంచి సికింద్రాబాదుకు నిజాం ప్రభుత్వ వ్యయంతో వేసిన రైలు మార్గం 1874లో ప్రారంభమైంది. అప్పటి దివాను మొదటి సాలార్ జంగ్. సికింద్రాబాదులోని సైనిక స్థావరానికి రైలు సౌకర్యం కావాలన్న బ్రిటిష్ ప్రభుత్వపు ఆసక్తి కూడా ఈ మార్గానికి ఒక కారణం.

ఇంజనుకు బొగ్గు కావాలి. ఇల్లందు ప్రాంతపు బొగ్గు గనులు ఈ అవసరాన్ని తీర్చాయి. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి గనుల తవ్వకపు హక్కులు దక్కాయి. కాలక్రమంలో 1920లో ఇదే సింగరేణి కాలరీస్ కంపెనీగా రూపాంతరం చెందింది. డోర్నకల్ నుంచి ఇల్లందుకు రైలు శాఖా మార్గం వచ్చింది. 1889 నాటికి రైలు మార్గం బెజవాడ వరకు చేరటంతో హైదరాబాదు సంస్థానానికి కోస్తా ప్రాంతంతో నేరుగా సంబంధం ఏర్పడింది. 1893లో లాలాగూడ వర్క్‌షాపు నెలకొన్నది. నాంపల్లిలోని హైదరాబాదు స్టేషను 1907లోను, కాచిగూడ స్టేషను భవనం 1916లోను నిర్మితమయ్యాయి.

నిజాం రైల్వేలో రెండు రకాల పట్టాలు ఉండేవి. వాడి, బెజవాడ మార్గం బ్రాడ్ గేజి. మన్మాడ్ వైపు సాగిన హైదరాబాదు గోదావరి లోయ మార్గం మీటరు గేజి. ఒక గేజి మీద నడిచే పెట్టె మరొక గేజి మీదికి వెళ్ళలేదు. కాబట్టి సరకులను ఒక రైలు నుంచి దించి మరొక రైలుకు ఎక్కించవలసి వచ్చేది. పట్టాల మధ్య దూరం ఒకటి కానప్పుడు ప్రయాణికుని ప్రయాణం కూడా ఒకటిగా సాగదన్న పాఠం ఈ నగరానికి ఆనాడే అనుభవంలోకి వచ్చింది.

చాందా రైల్వే వివాదం

రైలు మార్గాన్ని చాందా వైపు పొడిగించి, రైల్వేను లండనులో ఏర్పడే ఒక కంపెనీకి అప్పగించాలన్న ప్రతిపాదన 1883లో తీవ్ర చర్చకు దారితీసింది. కంపెనీ పెట్టుబడిపై నిర్ణీత వడ్డీకి సంస్థాన ప్రభుత్వం హామీ ఇవ్వాలన్నది అందులోని ప్రధానమైన షరతు. నష్టం వస్తే ఖజానాపై భారం పడుతుందని, ఒప్పందపు వివరాలను ప్రజల ముందు ఉంచాలని విద్యావంతులు కోరారు. హైదరాబాదులో ప్రజాభిప్రాయం సంఘటితంగా వ్యక్తమైన తొలి సందర్భాలలో ఇది ఒకటి. ఈ ప్రతిపాదనను వ్యతిరేకించిన వారిలో సరోజినీ నాయుడు తండ్రి, విద్యావేత్త డాక్టర్ అఘోరనాథ చటోపాధ్యాయ ప్రముఖులు. అందుకు ఆయన నగర బహిష్కరణకు గురయ్యారు.

వ్యతిరేకత ఎదురైనా కంపెనీ ఏర్పడింది. అదే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. పేరులోని గ్యారంటీ అన్న మాట ఆ వడ్డీ హామీకి గుర్తు. సుమారు నాలుగున్నర దశాబ్దాల తరువాత 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం ఆ కంపెనీ నుంచి రైల్వేను కొనుగోలు చేసింది. గ్యారంటీ అన్న మాట తొలగిపోయి అది నిజాం స్టేట్ రైల్వే అయింది. ప్రజా రవాణా ఎవరి చేతిలో ఉండాలి, నష్టం ఎవరు భరించాలి అన్న ప్రశ్న ఈ నగరంలో కొత్తగా పుట్టినది కాదని చెప్పటానికే ఈ వివరం.

రైల్వే చేతికి బస్సు

1930వ దశకం నాటికి మోటారు బస్సు రైలుకు పోటీగా నిలిచింది. బ్రిటిష్ ఇండియాలో ప్రైవేటు బస్సులు రైలు మార్గాల పక్కనే నడుస్తూ ప్రయాణికులను ఆకర్షించటంతో రైల్వేల ఆదాయం తగ్గింది. ఈ సమస్యను పరిశీలించేందుకు నియమితులైన మిచెల్, కిర్క్‌నెస్‌ల నివేదికపై 1933లో సిమ్లాలో రైలు రోడ్డు సమావేశం జరిగింది.

హైదరాబాదు సంస్థానం అంతకు ముందే తన మార్గాన్ని ఎంచుకున్నది. రైల్వే అప్పటికే ప్రభుత్వ ఆస్తి కాబట్టి బస్సులను కూడా దానికే అప్పగించింది. పోటీ పడవలసిన రెండు సాధనాలు ఒకే శాఖలో రెండు విభాగాలయ్యాయి. రైలు పోని ఊరికి బస్సు పోతుంది. బస్సు తెచ్చిన ప్రయాణికుణ్ణి రైలు అందుకుంటుంది. ఆదాయం ఒకే ఖాతాలో జమ అవుతుంది. ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన ఇంత సరళమైనది. ఈ శాఖ అంతటితో ఆగక విమానయాన రంగంలోనూ అడుగుపెట్టింది. 1945లో టాటాలతో కలసి నెలకొల్పిన దక్కన్ ఎయిర్‌వేస్‌లో నిజాం రైల్వేకు భాగస్వామ్యం ఉండేది. 1953లో దేశీయ విమాన సర్వీసుల జాతీయకరణతో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైంది.

తొలి బస్సులు స్కాట్లండుకు చెందిన ఆల్బియన్ కంపెనీ తయారు చేసినవి. ఆర్టీసీ బస్సుల రిజిస్ట్రేషను సంఖ్యలలో కనిపించే జడ్ అన్న అక్షరానికి కూడా నిజాం కాలం నాటి కథ ఒకటి ప్రచారంలో ఉన్నది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన తల్లి జహ్రా బేగం పేరులోని తొలి అక్షరాన్ని బస్సులకు కేటాయింపజేశారని చెబుతారు. రాష్ట్రాలు మారినా, సంస్థ పేరు మారినా ఆ అక్షరం కొనసాగింది.

గౌలిగూడ బస్ స్టేషను కూడా ఈ చరిత్రలో భాగమే. అర్ధచంద్రాకారపు రేకుల కప్పుతో ఉన్న ఆ విశాలమైన షెడ్డును మొదట విమానాలను నిలిపేందుకు నిర్మించారు. మిసిసిపీ హాంగర్ అన్న పేరు జనం నోట మిసిల్ గ్యారేజిగా స్థిరపడింది. తరతరాల ప్రయాణికులకు నీడనిచ్చిన ఈ కట్టడం 2018 జూలై 5న కుప్పకూలింది. ప్రమాద సూచనలు గమనించి ముందుగానే బస్సులను, ప్రయాణికులను అక్కడి నుంచి తరలించినందున ప్రాణనష్టం తప్పింది.

రెండంతస్తుల బస్సు

కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో ట్రాములు నడిచాయి. హైదరాబాదులో ట్రాము పట్టాలు పడలేదు. ఝట్కా, టాంగా, సైకిల్ రిక్షాల కాలం నుంచి నగరం నేరుగా బస్సుల యుగంలోకి వచ్చింది. అందువల్ల నగర ప్రయాణికుని జీవితంలో బస్సు స్థానం మరింత ప్రధానమైంది.

ఆ బస్సులలో జనం ఎక్కువగా గుర్తుంచుకున్నది డబుల్ డెక్కరు. నిజాం కాలంలో 1940వ దశకంలో ప్రవేశించిన ఈ బస్సులు ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కూడా దశాబ్దాల పాటు నడిచాయి. సికింద్రాబాదు నుంచి జూ పార్కుకు వెళ్ళే 7జడ్ బస్సులో పై అంతస్తు ముందు వరుస సీటు కోసం పిల్లలు పోటీ పడేవారు. నిర్వహణ వ్యయం పెరగటం, ఫ్లై ఓవర్లు రావటం తదితర కారణాల వల్ల 2000వ దశకపు తొలి అర్ధభాగం ముగిసేసరికి ఇవి రోడ్ల మీద నుంచి కనుమరుగయ్యాయి. 2020 నవంబరులో ఒక పౌరుడు 7జడ్ బస్సు జ్ఞాపకాన్ని సామాజిక మాధ్యమంలో పంచుకోగా, నాటి పురపాలక శాఖ మంత్రి కె. తారక రామారావు స్పందించి డబుల్ డెక్కర్ల పునఃప్రవేశాన్ని పరిశీలించవలసిందిగా కోరారు.

విడివడిన దారులు

స్వాతంత్ర్యానంతరం, హైదరాబాదు సంస్థానం భారత యూనియనులో విలీనమైన తరువాత రైల్వేల ఏకీకరణ జరిగింది. నిజాం స్టేట్ రైల్వే కేంద్ర ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చి 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. రోడ్డు రవాణా విభాగం 1951 నవంబరులో రైల్వే నుంచి విడివడి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వ శాఖ అయింది. రాజ్యాంగం ప్రకారం రైల్వేలు కేంద్రం పరిధిలోనివి కాబట్టి ఈ విభజన సహజమైనదే. ఇందులో ఎవరి తప్పిదమూ లేదు. కాని ఒకే శాఖలో కూర్చొని సమన్వయం చేసుకునే అవకాశం ఆ రోజుతో పోయింది.

ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. 27 బస్సులతో మొదలైన సంస్థ ప్రపంచంలోనే అత్యధిక సంఖ్యలో బస్సులు గల సంస్థగా 1999లో గిన్నిస్ గ్రంథంలో స్థానం పొందే స్థాయికి ఎదిగింది. మూసీ నది మధ్య ఇమ్లీబన్‌లో నిర్మించిన మహాత్మాగాంధీ బస్ స్టేషను 1994లో అందుబాటులోకి వచ్చింది. రైల్వే విషయానికి వస్తే, సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడింది. రెండు సంస్థలూ వేటికవి విస్తరించాయి. అయితే రైలు దిగిన ప్రయాణికుడు సిటీ బస్సు కోసం ఎంత దూరం నడవాలి అన్నది ఏ ఒక్క సంస్థకూ పూర్తి బాధ్యత కాకుండా మిగిలిపోయింది.

పాత పట్టాలపై కొత్త రైలు

2003 ఆగస్టు 9న నాటి ఉప ప్రధాని ఎల్.కె. అద్వానీ ప్రారంభించిన ఎం.ఎం.టి.ఎస్. ఈ లోపాన్ని సరిదిద్దే దిశలో తొలి ప్రయత్నం. మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టమ్, అంటే బహువిధ రవాణా వ్యవస్థ అన్న పేరులోనే దాని ఆశయం వ్యక్తమవుతుంది. వ్యయాన్ని రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం సమానంగా భరించాయి. యాభై ఏళ్ళ క్రితం విడిపోయిన రెండు పక్షాలు ఒక పథకంలో భాగస్వాములు కావటం గమనార్హం.

ఈ పథకం ప్రధానంగా పాత మార్గాలనే వినియోగించుకున్నది. బేగంపేట నుంచి లింగంపల్లి వరకు గల మార్గం 1874 నాటి వాడి మార్గంలో భాగమే. నేడు హైటెక్ సిటీ స్టేషనులో దిగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ప్రయాణించేది సాలార్ జంగ్ కాలంలో వేసిన బాటలోనే. ఫలక్‌నుమా వైపు గల మార్గం ఒకప్పటి మీటరు గేజి. తరువాత దానిని బ్రాడ్ గేజిగా మార్చారు.

బాట పాతదైనా రైలు వేరు. ఆవిరి ఇంజనును సిద్ధం చేయటానికి గంటల కాలం పట్టేది. బరువైన రైలు వేగం పుంజుకొనేలోగానే తరువాతి స్టేషను వచ్చేది. గమ్యం చేరిన ఇంజనును విడదీసి రెండవ చివరకు తెచ్చి తగిలించవలసి వచ్చేది. దూర ప్రయాణాలకు తగిన ఆ యంత్రం కిలోమీటరుకో స్టేషను ఉండే నగర ప్రయాణానికి తగినది కాదు. ఎం.ఎం.టి.ఎస్.లో విద్యుత్ మోటార్లు పెట్టెల కిందనే అమరి ఉంటాయి. రెండు చివరలా డ్రైవరు గది ఉంటుంది. కాబట్టి రైలు త్వరగా వేగం అందుకొని, త్వరగా ఆగి, వెంటనే వెనుదిరగగలదు.

అయితే ఈ రైళ్ళు ఎక్స్‌ప్రెస్ రైళ్ళు, గూడ్సు రైళ్ళు నడిచే మార్గాల మీదనే నడవాలి. అందువల్ల వాటి సంఖ్యను కోరినంతగా పెంచటం సాధ్యపడలేదు. 2012-13లో మంజూరైన రెండవ దశలో రాష్ట్ర ప్రభుత్వ వాటా మూడింట రెండు వంతులు. నిధుల విడుదల, పనుల పురోగతి విషయంలో జాప్యం జరిగినప్పటికీ మేడ్చల్, ఉందానగర్ వైపు సర్వీసులు 2023 ఏప్రిల్ 8న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ చేతుల మీదుగా ప్రారంభమయ్యాయి.

మెట్రో రైలు

రోడ్ల మీద, పాత పట్టాల మీద చోటు చాలనప్పుడు నగరం ఆకాశమార్గం వైపు చూసింది. మెట్రో రైలు నిర్మాణానికి 2008లో ఎంపికైన తొలి కన్సార్షియంతో ఒప్పందం 2009లో రద్దయింది. 2010 సెప్టెంబరు 4న లార్సెన్ అండ్ టూబ్రోతో కొత్త ఒప్పందం కుదిరింది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో 35 సంవత్సరాల నిర్వహణ హక్కు, మూడు కారిడార్లు, సుమారు 72 కిలోమీటర్ల మార్గం అందులోని ముఖ్యాంశాలు. వయబిలిటీ గ్యాప్ నిధి కింద కేంద్రం 1,458 కోట్ల రూపాయలు మంజూరు చేసింది.

నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ వరకు 30 కిలోమీటర్ల తొలి భాగాన్ని 2017 నవంబరు 28న ప్రధానమంత్రి ప్రారంభించారు. ఎల్.బి. నగర్ మార్గం 2018లోను, హైటెక్ సిటీ, రాయదుర్గం మార్గాలు 2019లోను, జూబ్లీ బస్ స్టేషను నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషను మార్గం 2020 ఫిబ్రవరి 7న అందుబాటులోకి వచ్చాయి. దీనితో మార్గం 69 కిలోమీటర్లకు, స్టేషన్ల సంఖ్య 57కు చేరింది.

సాంకేతికంగా ఒక అంశం గుర్తుంచుకోదగినది. మెట్రో నడిచేది 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజి మీద. ఎం.ఎం.టి.ఎస్. నడిచేది 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి మీద. ఒక దాని రైలు మరొక దాని పట్టాల మీదికి ఎన్నటికీ రాలేదు. నిజాం కాలంలో సరకులకు ఎదురైన ఇబ్బంది ఇప్పుడు మనుషులకు ఎదురవుతున్నది. కాబట్టి కలయిక స్టేషన్ల వద్ద, టికెట్ల వద్ద, వేళల వద్ద జరగాలి. భరత్‌నగర్, ఖైరతాబాదు, నాంపల్లి, మలక్‌పేట, సికింద్రాబాదు తూర్పు వంటి చోట్ల రైలు స్టేషన్లు, మెట్రో స్టేషన్లు సమీపంలోనే ఉన్నాయి. ఒకదాని నుంచి మరొకదానికి నీడ గల నడకదారి, ఎక్కేందుకు లిఫ్టు, దిగగానే బస్సు ఉంటే తప్ప వృద్ధులకు, వికలాంగులకు, సామానుతో వచ్చేవారికి ఆ సామీప్యం వల్ల ప్రయోజనం ఉండదు.

మొదటి దశలో నిర్మాణం కాని భాగం మహాత్మాగాంధీ బస్ స్టేషను నుంచి ఫలక్‌నుమా వరకు గల పాతబస్తీ మార్గం. ఆస్తుల సేకరణ, చారిత్రక, ప్రార్థనా స్థలాల పరిరక్షణ వంటి అంశాల వల్ల అది నిలిచిపోయింది. నగరం పుట్టిన చార్మినారు ప్రాంతానికి మెట్రో చేరకపోవటం ఆ ప్రాంత వాసులలో అసంతృప్తికి కారణమైంది. ఈ మార్గానికి 2024 మార్చి 8న ముఖ్యమంత్రి ఎ. రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. తరువాత దీనిని చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్ల మార్గంగా రెండవ దశ ప్రతిపాదనలలో చేర్చారు.

హుస్సేన్ సాగర్ తీరాన రేసు కార్లు

2023 ఫిబ్రవరి 11న జంట నగరాల రోడ్లు మరొక రకమైన వాహనాన్ని చూశాయి. విద్యుత్‌తో నడిచే రేసు కార్ల ప్రపంచ పోటీ ఫార్ములా ఈ భారతదేశంలో తొలిసారిగా హైదరాబాదులో జరిగింది. హుస్సేన్ సాగర్ తీరాన ఎన్టీఆర్ మార్గ్ పరిసరాలలో సుమారు 2.8 కిలోమీటర్ల వీధి ట్రాకును సిద్ధం చేశారు. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ విజేతగా నిలిచారు. 2013లో గ్రేటర్ నోయిడాలో జరిగిన ఫార్ములా వన్ పోటీ తరువాత దేశంలో ఈ స్థాయి కార్ల రేసు జరగటం అదే ప్రథమం. 2024లో జరగవలసిన పోటీ రద్దయింది.

గంటకు 320 కిలోమీటర్ల గరిష్ఠ వేగం గల ఆ కారుకు, సిటీ ప్రయాణికునికి ఏమి సంబంధం అన్న ప్రశ్న సహజం. సంబంధం బ్రేకులో ఉన్నది. బ్రేకు వేసినప్పుడు చక్రాల వేగాన్ని వేడిగా వృథా కానివ్వకుండా మోటారు దానిని తిరిగి విద్యుత్తుగా మారుస్తుంది. ఆ తరం రేసు కారు పోటీలో వాడే శక్తిలో కనీసం 40 శాతాన్ని ఈ విధంగానే సమకూర్చుకొనేలా రూపొందింది. మెట్రో రైలు స్టేషనులో ఆగేటప్పుడు, విద్యుత్ బస్సు సిగ్నలు వద్ద ఆగేటప్పుడు జరిగేది కూడా ఇదే ప్రక్రియ. మాటిమాటికీ ఆగుతూ సాగే నగర వాహనానికే దీనివల్ల ఎక్కువ ప్రయోజనం.

పోటీకి కొద్ది రోజుల ముందు, ఫిబ్రవరి 7న, హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ మూడు విద్యుత్ డబుల్ డెక్కరు బస్సులను ప్రారంభించింది. 7జడ్ బస్సును ఎరిగిన తరానికి అది ఒక తీపి జ్ఞాపకపు పునరాగమనం. రేసు ట్రాకు కొద్ది రోజులలో తొలగిపోయింది. దాని కోసం రాకపోకలు మళ్ళించిన రోడ్ల మీద మళ్ళీ సిటీ బస్సులు నడిచాయి.

బస్సే ఆధారం

ఎన్ని సాధనాలు వచ్చినా సామాన్య ప్రయాణికునికి బస్సే ఆధారమని అనేక సందర్భాలు నిరూపించాయి. 2019 అక్టోబరు 5 నుంచి యాభై రోజులకు పైగా సాగిన ఆర్టీసీ కార్మికుల సమ్మె కాలంలో విద్యార్థులు, రోజు కూలీలు, చిరుద్యోగులు పడిన ఇబ్బందులు ఇందుకు నిదర్శనం. 2020 మార్చి 22 నుంచి సెప్టెంబరు 7 వరకు కరోనా కారణంగా మెట్రో నిలిచిపోయింది. ఆ విరామం మెట్రో ఆర్థిక స్థితిని గట్టిగా దెబ్బతీసింది. అనంతరం ప్రయాణికులు క్రమంగా పెరిగి 2023లో రోజువారీ సంఖ్య అయిదు లక్షలు దాటిన రోజులు నమోదయ్యాయి.

2014లో రాష్ట్ర విభజన అనంతరం ఆర్టీసీ కూడా రెండయింది. ఆంధ్రప్రదేశ్‌లో సంస్థ ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణ సౌకర్యం ఆరంభమైంది. హైదరాబాదులో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకు ఇది వర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. ఇళ్ళలో పని చేసుకొని బతికే మహిళలకు, కూరగాయలు అమ్ముకొనే వారికి ఛార్జీ మిగలటం చిన్న విషయం కాదు. అదే సమయంలో ప్రయాణికుల సంఖ్యకు తగినట్లు బస్సుల సంఖ్య పెరగకపోతే రద్దీ వల్ల ఆ సౌకర్యమే అసౌకర్యంగా మారగలదు.

2019 మార్చిలో శంషాబాదు విమానాశ్రయ మార్గాలలో 40 విద్యుత్ బస్సులతో మొదలైన మార్పును ముందుకు తీసుకువెళ్ళేందుకు 2025లో పి.ఎం. ఈ డ్రైవ్ పథకం కింద కేంద్రం హైదరాబాదుకు 2,000 విద్యుత్ బస్సులను కేటాయించింది.

మళ్ళీ ఒకే గొడుగు కిందకు

రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో మెట్రో రెండవ దశ ప్రతిపాదనలను కేంద్రానికి పంపింది. అయిదు కారిడార్లు, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్ల రూపాయల అంచనా వ్యయం ఇందులోని అంశాలు. మొదటి దశ ప్రైవేటు సంస్థ చేతిలో, రెండవ దశ ప్రభుత్వాల చేతిలో ఉంటే రైళ్ళ నిర్వహణ, ఆదాయ వ్యయాల పంపిణీ ఎలా అన్న ప్రశ్న ఎదురైంది. ఉభయ దశల అనుసంధానంపై ఒప్పందం తప్పనిసరి అయింది. చర్చల అనంతరం 2025 సెప్టెంబరులో మొదటి దశను రాష్ట్ర ప్రభుత్వమే స్వాధీనం చేసుకొనేందుకు సూత్రప్రాయంగా అంగీకారం కుదిరింది. సుమారు 13,000 కోట్ల రూపాయల రుణభారాన్ని స్వీకరించటం, సంస్థ వాటాకు సుమారు 2,000 కోట్ల రూపాయలు చెల్లించటం ఆ అంగీకారంలోని ముఖ్యాంశాలు.

1930లో రైల్వే కొనుగోలు జరిగిన తరువాత రెండేళ్ళకే బస్సు సర్వీసు ఆరంభమైన సంగతి ఇక్కడ స్మరణీయం. యాజమాన్యం మారటం దానంతట అదే ప్రయోజనం కాదు. రైలును, బస్సును కలిపి ఆలోచించే అవకాశాన్ని అది ఇచ్చింది. ఆ అవకాశాన్ని నాటి పాలన వినియోగించుకున్నది. పది లక్షలు దాటిన నగరాలలో ఏకీకృత మహానగర రవాణా ప్రాధికార సంస్థ ఉండాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం సూచించింది. హైదరాబాదులో అటువంటి సంస్థ ఏర్పాటు జరిగింది. అయితే బస్సు వేళలను, మెట్రో వేళలను, ఎం.ఎం.టి.ఎస్. వేళలను ఒకే బల్ల మీద నిర్ణయించే అధికారం ఆచరణలోకి వచ్చినప్పుడే దాని లక్ష్యం నెరవేరుతుంది.

ఈ చరిత్రను కిలోమీటర్లలోను, కోట్లలోను కొలవటం పరిపాటి. ప్రయాణికుని కొలత వేరు. తెల్లవారకముందే ఫలక్‌నుమాలో ఇల్లు విడిచి రాయదుర్గంలో పనికి చేరవలసిన కార్మికురాలు రైలు మారేచోట, బస్సు మారేచోట ఎంతసేపు నిలబడవలసి వస్తున్నదన్నదే ఆ కొలత. 27 బస్సులతో ఆనాటి శాఖ పరిష్కరించదలచిన ప్రశ్న అదే. వేల బస్సులు, 57 మెట్రో స్టేషన్లు ఉన్న నగరం ముందు ఉన్నదీ అదే ప్రశ్న.

ముఖ్య ఘట్టాలు

1874: వాడి, సికింద్రాబాదు రైలు మార్గం ప్రారంభం.
1883: చాందా రైల్వే ప్రతిపాదనపై ప్రజా చర్చ.
1889: బెజవాడ వరకు రైలు మార్గం.
1907: నాంపల్లి స్టేషను.
1916: కాచిగూడ స్టేషను భవనం.
1930 ఏప్రిల్ 1: రైల్వేను కొనుగోలు చేసిన నిజాం ప్రభుత్వం.
1932 జూన్ 15: 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగం.
1951: రైల్వే నుంచి రోడ్డు రవాణా విభాగం వేరు.
1958 జనవరి 11: ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ.
1966 అక్టోబరు 2: దక్షిణ మధ్య రైల్వే.
1994: మహాత్మాగాంధీ బస్ స్టేషను.
2003 ఆగస్టు 9: ఎం.ఎం.టి.ఎస్. ప్రారంభం.
2010 సెప్టెంబరు 4: మెట్రో రైలు నిర్మాణ ఒప్పందం.
2017 నవంబరు 28: మెట్రో తొలి భాగం ప్రారంభం.
2020 ఫిబ్రవరి 7: జూబ్లీ బస్ స్టేషను, మహాత్మాగాంధీ బస్ స్టేషను మెట్రో మార్గం.
2023 ఫిబ్రవరి 7: మూడు విద్యుత్ డబుల్ డెక్కరు బస్సులు.
2023 ఫిబ్రవరి 11: హైదరాబాదులో ఫార్ములా ఈ పోటీ.
2023 ఏప్రిల్ 8: ఎం.ఎం.టి.ఎస్. రెండవ దశ కొత్త సర్వీసులు.
2023 డిసెంబరు 9: మహాలక్ష్మి పథకం.
2024 మార్చి 8: పాతబస్తీ మెట్రో మార్గానికి శంకుస్థాపన.
2025 సెప్టెంబరు: మెట్రో మొదటి దశ స్వాధీనానికి సూత్రప్రాయ అంగీకారం.